ముందు కార్డా, ముందు బోర్డా?

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. మేనమామకి విజయవాడలో కంప్యూటర్ సర్వీసు షాపుంది. పెంటియం రోజుల నుంచి ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆడుతూనే ఉంది. మేనకోడలు హైదరాబాద్‌లో బీటెక్ రెండో ఏడు చదువుతోంది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుకి నాన్న ఇచ్చింది కలిపితే అరవై వేలయింది. ఆ డబ్బుతో గేమింగ్ సిస్టమ్ కట్టుకోవాలి. వచ్చిన తగువల్లా ఈ రోజు ఆడే ఆట ముఖ్యమా, రేపు మార్చుకునే వీలు ముఖ్యమా అన్నదే. నా మొగ్గు మేనకోడలి వైపని ముందే చెప్పేస్తున్నాను. అయితే మావయ్య పట్టుబట్టిన ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే పెట్టె) విషయంలో, బిల్లు విషయంలో ఆయన మాట కాదంటే డబ్బుతో పాటు సామాను కూడా పోతుంది.

మావయ్య: అరవై వేలన్నావు. అందులో మానిటర్ ఉందా?

కోడలు: లేదు మావయ్యా. అన్నయ్య వాడిన మానిటర్, కీబోర్డు, మౌస్ ఇంట్లోనే ఉన్నాయి. అరవై వేలూ క్యాబినెట్ లోపలికే.

మావయ్య: ఆ మానిటర్ ఎలాంటిది?

కోడలు: ఇరవై రెండు అంగుళాలు. 1080పీ, 60 హెర్ట్జ్.

మావయ్య: చూశావా, షాపుకొచ్చే పిల్లలెవరూ ఇది చెప్పరు. వస్తూనే గ్రాఫిక్స్ కార్డు పేరు చెబుతారు. తెర ఏమిటో తెలియకుండా కార్డు ఎలా ఎంచుతాం? 1080పీ అంటే 1920 ఇంటూ 1080. ఇరవై లక్షల డెబ్బై వేల చుక్కలు పైనే. 1440పీకి వెళ్తే దాదాపు ముప్ఫై ఏడు లక్షలు, 4కేకి ఎనభై మూడు లక్షల దాకా. సెకనుకి అరవై సార్లు అన్ని చుక్కలకీ రంగు లెక్కగట్టాల్సింది కార్డే. నీ తెర 1080పీ కాబట్టి నువ్వు చాలా డబ్బు మిగుల్చుకోవచ్చు. మరి ఏం ఆడతావు?

కోడలు: ఫ్రెండ్స్‌తో వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2. ఒక్కదాన్నే ఉన్నప్పుడు సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2. మొదటి రెండిటికీ ప్రాసెసర్ మీద భారం ఎక్కువ, తర్వాతి రెండిటికీ కార్డు మీద. రెండు రకాలూ ఆడాలి కాబట్టి దేన్నీ మరీ తగ్గించలేను.

మావయ్య: అయితే నా మాట విను. కార్డు ఇప్పుడు కొనకు. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 ఉన్న బోర్డు, డీడీఆర్5 ర్యామ్, రైజెన్ 5 8600జీ తీసుకో. ఆ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంది. వాలరెంట్ హాయిగా నడుస్తుంది. ఏడాది ఆగి డబ్బు చేరాక మంచి కార్డు వేసుకో. పునాది కొత్తదైతే పైన ఏదైనా కట్టుకోవచ్చు.

కోడలు: నేను దాని ముందు తరం సాకెట్ ఏఎం4లోనే ఉంటాను. రైజెన్ 5 5600, దాంతో పాటు ఇప్పుడే కార్డు. ఏడాది తర్వాత డబ్బు చేరుతుందని నాకెవరు హామీ ఇస్తారు? అప్పటికి మూడో ఏడు, ప్రాజెక్టులు, ప్లేస్‌మెంట్ల కోచింగు. ఆడుకునే టైము ఉన్నది ఇప్పుడే.

మావయ్య: చివరికొచ్చిన సాకెట్‌లో డబ్బు పోస్తావా? ఏఎం4 సంగతే చూడు. 2017లో తొలి రైజెన్‌తో బోర్డు కొన్నవాళ్లలో చాలామంది 2022లో వచ్చిన 5800ఎక్స్3డీని బయోస్ అప్‌డేట్ చేసుకుని అదే బోర్డులో కూర్చోబెట్టారు. అయిదేళ్లు తిరిగినా బోర్డు మార్చే పని పడలేదు. ఇప్పుడు ఏఎం5 అదే దారిలో ఉంది. 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ పైన కూడా దీన్ని కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. నువ్వు ఆ బండి ఎక్కకుండా దిగిపోయే బండి ఎక్కుతున్నావు.

కోడలు: ఒకటడుగుతాను, షాపు లెక్క చెప్పు. పాత సిస్టమ్ తెచ్చి ప్రాసెసర్ ఒక్కటే మార్పించుకున్నవాళ్లు ఎక్కువా, ర్యామో, ఎస్‌ఎస్‌డీయో, కార్డో వేయించుకున్నవాళ్లు ఎక్కువా?

మావయ్య: ర్యామ్, ఎస్‌ఎస్‌డీలే ఎక్కువ. ప్రాసెసర్ ఒక్కటే మార్చేవాళ్లు బాగా తక్కువ. అది చాలని రోజు వచ్చేసరికి బోర్డుతో సహా మార్చేస్తారు.

కోడలు: మరి నేను ఎప్పుడో చేస్తానో చేయనో తెలియని పనికి ఇవాళే డబ్బు కట్టడం ఎందుకు? ఇంకో సంగతి. 8600జీలో కార్డుకి వెళ్లే పీసీఐఈ దారులు ఎనిమిదే. దాని తమ్ముడు 8500జీలో నాలుగే. లోపలుండే ఎల్3 క్యాష్ చూస్తే 8600జీలో 16 ఎంబీ, అదే సాకెట్‌కి వచ్చిన 7600లో 32. ఆటలకి ఆ క్యాష్ చాలా అవసరం. రేపు మంచి కార్డు తెచ్చి పెట్టినా ఈ ప్రాసెసర్ దాన్ని కొంత వెనక్కి లాగుతుంది. అప్పుడు నువ్వే ప్రాసెసర్ కూడా మార్చమంటావు. కార్డు ఎప్పటికీ కొననివాళ్లకి 8600జీ మంచిదే. తర్వాత కొందామనుకునేవాళ్లకి కాదు.

మావయ్య: సరే, 8600జీ పక్కన పెట్టు. ఏఎం5లోనే 7600 తీసుకుని, చిన్న కార్డు వేసుకో.

కోడలు: ర్యామ్ ధర చూశావా?

మావయ్య: చూడకేం? అమ్మేది నేనే కదా. 2025 చివరి నెలల్లో కొటేషన్ ఇచ్చినవాడు మర్నాడు వస్తే అదే రేటుకి ఇవ్వలేకపోయాను. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ కావాలి. అవి ఎంతకైనా కొంటాయి. ఫ్యాక్టరీలు అటే తిరిగాయి. డిసెంబరులో మైక్రాన్ కంపెనీ అయితే మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండునే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఎన్నేళ్లుగానో మన షాపుల్లో కళ్లు మూసుకుని చేతికిచ్చిన ర్యామ్ అది. కానీ డీడీఆర్4 కూడా పెరిగింది అమ్మడూ. దాని తయారీని కంపెనీలు ముందే తగ్గించుకుంటూ వచ్చారు.

కోడలు: కొత్తది పెరిగింది. నేను కొనేది పాతది. మా సీనియర్ ఏఎం4 సిస్టమ్ అమ్మేసి ల్యాప్‌టాప్‌కి మారుతోంది. ఆమె దగ్గర 8 జీబీ డీడీఆర్4 స్టిక్కులు రెండున్నాయి, 3200వి. ఏఎం5కి వెళ్తే నాకు ఈ వీలుండదు. డీడీఆర్5 పాతది దొరకడమే కష్టం, దొరికినా చవగ్గా ఇవ్వరు.

మావయ్య: ర్యామ్ సెకండ్ హ్యాండ్ తీసుకో, దానికి నేను అడ్డు చెప్పను. అది పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపించు. ఒక్క తప్పు చూపించినా తిరిగిచ్చేయ్. ప్రాసెసర్ కూడా అంతే, పిన్నులు వంగకుండా ఉంటే చాలు. పాతవి కొనకూడనివి వేరే ఉన్నాయి.

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. తక్కువ డబ్బుతో కట్టే మొదటి సిస్టమ్ విషయంలో నిజంగా తేల్చుకోవాల్సింది దేన్ని వాయిదా వేయొచ్చన్నదే. ర్యామ్ ఇంకో స్టిక్కు, ఇంకో ఎస్‌ఎస్‌డీ, మానిటర్, కొన్నాళ్లకి కార్డు కూడా అయిదు నిమిషాల్లో మారిపోతాయి. పాతదాన్ని అమ్మితే ఎంతో కొంత వస్తుంది. బోర్డు మార్చాలంటే సిస్టమ్ మొత్తం విప్పాలి. ఎస్‌ఎంపీఎస్ నాసిరకంది పెడితే మార్చుకునే అవకాశం కూడా ఇవ్వకుండా మిగతావాటిని తీసుకుపోవచ్చు. మావయ్య బోర్డుని పునాది అంటున్నాడు. నా లెక్కలో పునాది ఎస్‌ఎంపీఎస్. ఆ సంగతి ఆయనకీ తెలుసు, కాసేపట్లో ఆయనే అక్కడికొస్తాడు.

మావయ్య: 5600 ఎందుకు? దానికంటే 5500 చవక కదా. 5600జీ తీసుకుంటే కార్డు పాడైన రోజు బొమ్మయినా కనిపిస్తుంది.

కోడలు: మూడిటికీ ఆరేసి కోర్లు, పన్నెండేసి థ్రెడ్లు. బయటికి ఒకటే. కానీ 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, మిగతా రెండిట్లో 16. పైగా ఆ రెండూ పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతాయి. నేను చూస్తున్న కార్డులు ఎనిమిది దారులవే కాబట్టి నాకు 4.0 కావాలి. ఇంటెల్‌లో అయితే ఐ5-12400ఎఫ్ కూడా బాగుంటుంది, దానికి డీడీఆర్4 బోర్డులు దొరుకుతాయి. ఆ రోజు షాపులో ఏది తక్కువకి వస్తే అది. మరీ ఇరుకైతే ఐ3-12100ఎఫ్. నాలుగు కోర్లే అయినా నిలబడుతుంది.

మావయ్య: ఎఫ్ అని ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదని గుర్తుందిగా? నీ 5600కీ లేదు. అసెంబుల్ చేశాక మానిటర్ వైరు బోర్డు వెనక గుచ్చి, బొమ్మ రావట్లేదని నాకు ఫోన్ చేస్తారు. వైరు కార్డుకే గుచ్చాలి.

కోడలు: గుర్తుంది. కార్డు ఆర్‌ఎక్స్ 6600 అనుకుంటున్నాను. 8 జీబీ, 132 వాట్లు.

మావయ్య: అది 2021 అక్టోబరు కార్డు. ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్ అని 2024 డిసెంబరులో ఆట వచ్చింది. దానికి రే ట్రేసింగ్ చేయగలిగే కార్డు తప్పనిసరి, లేకపోతే ఆట తెరుచుకోదు. వాళ్లు కనీసం ఉండాల్సిన కార్డుల్లో ఆర్‌ఎక్స్ 6600 పేరే రాశారు. 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్‌దీ అదే కథ. అంటే నువ్వు కొనబోయేది గడప మీద నిలబడ్డ కార్డు. రేపు గడప ఇంకో అంగుళం పెరిగితే?

కోడలు: పెరుగుతుంది. అప్పుడు నా కార్డు అమ్మేసి వేరేది వేసుకుంటాను. బోర్డు, ఎస్‌ఎంపీఎస్ అలాగే ఉంటాయి. నేను ఆడబోయేవి ఇప్పటికే వచ్చిన ఆటలు, వాటికి 1080పీలో ఇది సరిపోతుంది. నీ దగ్గర ఇదే డబ్బులో మెరుగైనది ఏముంది?

మావయ్య: ఇంటెల్ ఆర్క్ బీ580. 12 జీబీ. 2024 డిసెంబరులో 249 డాలర్లకి వదిలారు. మెమరీ 8 దగ్గర ఇరుక్కునే ఆటల్లో ఇది ఊపిరి పీల్చుకుంటుంది.

కోడలు: నేనూ మొదట దాని మీదే మనసు పడ్డాను. కానీ 2025 జనవరిలో పరీక్షలు చేసినవాళ్లు ఒక విషయం పట్టుకున్నారు. బీ580 పక్కన ఖరీదైన ప్రాసెసర్ ఉంటేనే పూర్తి పనితనం చూపిస్తోంది. 5600 లాంటిది పెడితే కొన్ని ఆటల్లో ఫ్రేములు బాగా పడిపోతున్నాయి. డ్రైవర్ ప్రాసెసర్‌తో ఎక్కువ పని చేయిస్తోంది. చవక కార్డుకి ఖరీదైన ప్రాసెసర్ కొనలేను కదా. నీ ఏఎం5 7600తో అయితే అది మంచి జోడీయే.

మావయ్య: అది నిజం. నేను కస్టమర్లకి ఏఎం5తోనే ఇచ్చాను, అందుకే నాకు తేడా కనిపించలేదు. సరే, ఆర్టీఎక్స్ 3050 అంటారేమో జాగ్రత్త. ఆ పేరుతో కార్డులు రెండున్నాయి. 2022లో వచ్చింది 8 జీబీది, 2560 కోర్లు. 2024లో వచ్చింది 6 జీబీది, కోర్లు 2304, మెమరీ దారి కూడా ఇరుకు. డబ్బా మీద పేరు మాత్రం ఒకటే. ఆ 6 జీబీది 70 వాట్లే తింటుంది కాబట్టి, ఆఫీసుల్లో వాడి తీసేసిన బ్రాండెడ్ సిస్టమ్‌లో పెట్టడానికి బాగుంటుంది. నీకు అక్కర్లేదు.

కోడలు: ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కూడా వద్దనుకున్నాను. 4 జీబీ, నాలుగే దారులు. పాత బోర్డులో పెడితే ఇంకా కుంటుతుంది.

మావయ్య: అసెంబుల్డ్ గేమింగ్ పీసీ అని ఫోటో పెట్టి అమ్మేవాళ్లని చూశావా? కోర్ ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, రంగురంగుల లైట్లు, పాతిక వేలే. విప్పి చూస్తే ఆ ఐ7 మూడో తరంది, 2012 నాటిది. ఆ గ్రాఫిక్స్ జీటీ 730. మెమరీ 4 జీబీ ఉన్నా పని చేసే శక్తి లేదు. తల్లిదండ్రులు పిల్లలకి ప్రేమతో కొనిస్తారు. పిల్లాడు మొహం వేలాడేసుకుని నా దగ్గరికొస్తాడు. నాకు చాలా బాధేస్తుంది. ఆ డబ్బు తిరిగి రాదు.

కోడలు: మా క్లాసులో ఒకబ్బాయి ఎక్స్99 బోర్డు, జియాన్ ప్రాసెసర్ కిట్టు ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు. ఎనిమిది పది కోర్లు కారుచౌకగా వస్తాయని. అవి 2014 నాటి సర్వర్ సామాను. విండోస్ 11 వాటిని ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండాలి. అందుకే నేను పాత సిస్టమ్ మొత్తంగా కొనే ఆలోచన మానేశాను. కార్డు మాత్రం సెకండ్ హ్యాండ్ చూద్దామా అని ఉంది.

మావయ్య: మొదటి సిస్టమ్‌కి పాత కార్డు వద్దు. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టోకరెన్సీ తీరు మారి, దాన్ని కార్డులతో మైనింగ్ చేయడం ఆగిపోయాక, ఆ మైనింగ్ కార్డులు గుట్టలుగా బజార్లో పడ్డాయి. వాటిని కడిగి, కొత్త స్టిక్కర్లేసి అమ్మారు. ఆర్‌ఎక్స్ 580 అంటే అసలుకి 2304 ప్రాసెసర్లుండాలి, 2048 ఉన్నది కూడా అదే పేరుతో తిరుగుతోంది. అన్నీ చెడ్డవని అనను. తెలిసినవాడు గంటసేపు భారం పెట్టి, వేడి చూసి, ఫ్యాన్ చప్పుడు విని తీసుకోవచ్చు. నీకు మొదటిసారి. సిస్టమ్ ఆగిపోతే తప్పు కార్డుదో, ర్యామ్‌దో, నువ్వు గుచ్చిన వైరుదో తేల్చుకోవడానికి పక్కన ఇలాంటి సిస్టమ్ ఇంకోటి లేదు. కొత్త కార్డైతే కనీసం ఒక అనుమానం తీరుతుంది.

కోడలు: ఈ మాట నాకు తట్టలేదు. వారంటీ గురించే ఆలోచించాను, తప్పు పట్టుకోవడం గురించి కాదు. సరే, కార్డు కొత్తదే.

మావయ్య: ఎస్‌ఎంపీఎస్‌కి ఎంత రాశావు?

కోడలు: క్యాబినెట్‌తో పాటే 450 వాట్లది వస్తోంది. నా లెక్క ప్రకారం సిస్టమ్ మొత్తం మూడొందలు దాటదు.

మావయ్య: దాన్ని తిప్పి పక్కనున్న కాగితం చదువు. షాపులో నిలబడే చదువు. పెద్దక్షరాల్లో 450 ఉంటుంది. దాని కింద గళ్లుంటాయి. ప్లస్ 3.3, ప్లస్ 5, ప్లస్ 12, ఒక్కోదాని కింద ఎన్ని ఆంపియర్లో. నాకు 12 వోల్టుల గడి చాలు. చాలా లోకల్ వాటిలో అక్కడ 18 ఆంపియర్లని ఉంటుంది. పన్నెండు పద్దెనిమిదులు ఎంత?

కోడలు: 216.

మావయ్య: అదీ దాని బలం, అదీ ఆ కాగితం నిజం చెబితేనే. ఒకప్పుడు కంప్యూటర్లు 5 వోల్టులు ఎక్కువ లాగేవి, అప్పుడు ఆ మిగతా వాట్లు ఉపయోగపడేవి. ఇప్పటి కార్డు, ప్రాసెసర్ దాదాపు అంతా 12 మీదే బతుకుతాయి. నీ కార్డుకి 132, ప్రాసెసర్‌కి పూర్తి భారంలో ఓ 75. ఫ్యాన్లు, బోర్డు, ఎస్‌ఎస్‌డీ కలిపితే 216 అయిపోయింది. కార్డు ఒక్కో క్షణంలో చెప్పినదానికంటే ఎక్కువ గుంజుతుంది. అప్పుడేమవుతుంది? అదృష్టం బాగుంటే ఆట మధ్యలో సిస్టమ్ ఆగిపోతుంది. బాగోకపోతే, అందులో రక్షణ సర్క్యూట్లు లేకపోతే, 12 కాస్తా పెరిగి బోర్డుని, కార్డుని తీసుకుపోతుంది. కాలిన మరక కనిపించిన సామానుకి సాధారణంగా వారంటీ ఇవ్వరు. మూడు వేలు మిగిల్చి పాతిక వేల కార్డు పోగొట్టుకున్నవాళ్లని నా బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాను. ఇంకేం ఇవ్వగలను?

కోడలు: అయితే 80 ప్లస్ బ్రాంజ్ ఉన్నది తీసుకుంటాను.

మావయ్య: అదొక్కటీ చాలదు. 80 ప్లస్ చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందన్న లెక్క. రక్షణ గురించి, లోపలి కెపాసిటర్ల గురించి అది ఏమీ చెప్పదు. పైగా ఆ పరీక్ష 23 డిగ్రీల గదిలో చేస్తారు. మే నెలలో నీ గది, అందులో మూసిన క్యాబినెట్ లోపల ఎంత ఉంటుందో ఆలోచించు. అయిదేళ్ల వారంటీ ఉన్న మోడల్ చూడు. 550 వాట్లు, 12 వోల్టుల మీద నలభై ఆంపియర్ల పైన. కార్డుకి వెళ్లే ఎనిమిది పిన్నుల వైరు ఎస్‌ఎంపీఎస్ నుంచే రావాలి. పాత మోలెక్స్ వైరుకి తగిలించే అడాప్టర్లు నా కంటబడకూడదు. ఇంకో మాట. మీ ఇంట్లో ఎర్తింగు ఉందా?

కోడలు: మూడు పిన్నుల ప్లగ్గే ఉంది.

మావయ్య: మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక వైరు ఉన్నట్టు కాదు. ఇప్పుడున్న కంప్యూటర్ క్యాబినెట్ వెనక రేకు మీద చెప్పుల్లేకుండా చెయ్యి పెడితే చురుక్కుమంటుందా?

కోడలు: అంటుంది. ఐరన్ రేకు కదా, మామూలే అనుకున్నాను.

మావయ్య: మామూలు కాదు, ఎర్తింగు లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని భూమిలోకి వదులుతాయి. భూమి లేకపోతే అది రేకు మీదే నిలబడుతుంది. ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఆ ఒక్క పాయింటుకి ఎర్త్ లాగించు. కొత్త సామాను పెట్టెలోంచి తీసే ముందే. మీ నాన్నకి నేను చెబుతాను.

కోడలు: నువ్వే చెప్పు, నేను చెబితే వినరు. మరి 550 వాట్లది పెడితే ఖర్చు పెరుగుతుంది. ఎక్కడ తగ్గించను?

మావయ్య: ఎస్‌ఎస్‌డీ ఎంత అనుకున్నావు?

కోడలు: 1 టీబీ. రెడ్ డెడ్ ఒక్కటే 150 జీబీ అడుగుతుంది, సైబర్‌పంక్ 70.

మావయ్య: 500 తీసుకో. నువ్వు ఎంచిన బోర్డు ఏది?

కోడలు: బీ550. ఎం.2 స్లాట్లు రెండున్నది.

మావయ్య: అయితే రెండోది ఖాళీగానే ఉంటుంది కదా, ధరలు దిగాక నింపుకో. ఎస్‌ఎస్‌డీ మాత్రం పాతది కొనకు, దాని ఆయుష్షు ఎవరో సగం వాడేసి ఉంటారు. క్యాబినెట్‌కి ముందు వైపు అద్దం వద్దు, జల్లెడలా ఉన్న మెష్ చూడు. లైట్ల గురించి నేనేం మాట్లాడను, అది నీ ఇష్టం.

కోడలు: లైట్లు అక్కర్లేదు. ర్యామ్ స్టిక్కులు రెండూ రెండో స్లాటు, నాలుగో స్లాటులో పెట్టాలి, బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ ఆన్ చేయాలి. లేకపోతే 3200వి కాస్తా 2133 దగ్గరో, 2400 దగ్గరో నడుస్తాయి. ఇవి నేర్చుకున్నాను.

మావయ్య: మంచిది. సగం సిస్టమ్‌లలో అది ఆన్ చేసి ఉండదు, అసెంబుల్ చేసిన షాపువాళ్లవి కూడా. తర్వాత మానిటర్ 144 హెర్ట్జ్‌ది కొన్నప్పుడు విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆ 144 ఎంచుకోవాలి. కొని ఏళ్లు గడిచినా 60లోనే ఆడుతుంటారు. ఇంతకీ ఎక్కడ కొంటావు?

కోడలు: సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్లో నాలుగు షాపులు తిరుగుతాను. ఆన్‌లైన్ రేటు ఫోన్‌లో పెట్టుకుని అడుగుతాను. ఒక షాపాయన బిల్లు లేకుండా అయితే పద్దెనిమిది శాతం తగ్గిస్తానన్నాడు.

మావయ్య: ఆ పద్దెనిమిది శాతం జీఎస్టీ. బిల్లు లేకపోతే వారంటీకి నీ దగ్గర ఆధారం లేదు. జీఎస్టీ బిల్లు తీసుకో. కార్డు, బోర్డు, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్ సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించు. పెట్టె మీద నంబరు, లోపలి సామాను మీద నంబరు ఒకటేనా చూడు. ఇండియాలో వారంటీ ఇచ్చే పంపిణీదారు స్టిక్కర్ ఉందో లేదో చూడు. సర్వీస్ సెంటర్ నీ ఊళ్లో ఉందో, పార్సిల్ చేయాలో షాపతన్నే అడుగు. ప్రాసెసర్ పెట్టెలో సీల్ చేసి ఉన్నదే తీసుకో. విడిగా చేతికిస్తే దానికి వారంటీ షాపుదే, ఆ షాపు రేపుండాలి.

కోడలు: అంటే ఏఎం4కి ఒప్పుకున్నట్టేనా?

మావయ్య: ఒప్పుకోలేదు. చేతిలో ఇంకో పదిహేను వేలుంటే నీతో ఏఎం5 కొనిపించేవాణ్ని, ఇప్పటికీ అదే అంటాను. ర్యామ్ ధర ఇలా ఉన్నప్పుడు, మీ సీనియర్ స్టిక్కులు చేతికి దొరుకుతున్నప్పుడు, నీ దారి తప్పని మాత్రం అనలేను. బీ550 బోర్డు బయోస్ ఏ వెర్షన్‌లో ఉందో అడిగి తీసుకో, పాత స్టాకైతే వాళ్ల చేతే అప్‌డేట్ చేయించు. మరి డబ్బు ఎలా పంచావు?

కోడలు: కార్డుకి ఇరవై రెండు, ప్రాసెసర్‌కి పదకొండు, బోర్డుకి ఎనిమిదిన్నర. ఎస్‌ఎంపీఎస్‌కి అయిదు, క్యాబినెట్‌కి మూడున్నర. మిగతా పది వేలు సీనియర్‌కి, ఎస్‌ఎస్‌డీకి. కార్డు రేటు కాస్త దిగితే మిగిలింది ఎస్‌ఎంపీఎస్‌కి కలుపుతాను.

మావయ్య: కలుపు. కొనే ముందు లిస్టు నాకు వాట్సాప్ చెయ్యి. ఎస్‌ఎంపీఎస్‌కి కంపెనీ పేరు ఒక్కటే రాయకు, మోడల్ నంబరు పూర్తిగా రాయి. ఒకే కంపెనీ మంచివీ చేస్తుంది, నాసిరకంవీ చేస్తుంది. ఆ కాగితం మీద 12 వోల్టుల గడి ఫోటో తీసి పంపితే ఇంకా మంచిది.